మట్టి ఇటుకల ఇల్లు కొనమంటారా, వద్దంటారా? (బరంపురం, ఒడిశా)

గేట్‌బజార్ అబ్బాయి | జూన్ 9

అందరికీ నమస్కారం. పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి. మేము బరంపురంలోనే పుట్టి పెరిగాం. ఇప్పుడు గేట్ బజార్ దగ్గర అద్దెకు ఉంటున్నాం, ఆరేళ్ళుగా సొంత ఇంటి కోసం తిరుగుతున్నాను. గోపాల్‌పూర్ రోడ్డు వైపు ఒక ఇల్లు కుదిరేలా ఉంది. ఏడు డెసిమల్ స్థలం (మన లెక్కలో ఏడు సెంట్లు), 1,150 చదరపు అడుగుల ఒకే అంతస్తు, పెరట్లో బావి, రెండు కొబ్బరి చెట్లు. 46 లక్షలు చెబుతున్నారు. అదే వీధిలో ఇంచుమించు అంతే ఉన్న మామూలు పిల్లర్ల ఇల్లు మొన్ననే 58కి పోయింది.

తేడా ఎందుకంటే, ఇది మామూలుగా కట్టిన ఇల్లు కాదు. రిటైరైన ఇంజినీరు ఒకాయన 2010లో తన కోసం కట్టించుకున్నారు. గోడలకు వాడినవి కాల్చని మట్టి ఇటుకలు. పునాది తవ్విన మట్టిలోనే ఇసుక, కొంచెం సిమెంటు కలిపి, చేత్తో నొక్కే మిషన్‌తో ఇంటి దగ్గరే అచ్చులు తీశారట. పిల్లర్లు లేవు, బరువంతా గోడల మీదే. బయట ప్లాస్టరింగ్ లేదు, ఇటుక ఇటుకలాగే కనిపిస్తుంది. పైన స్లాబే గానీ, తల ఎత్తి చూస్తే మంగుళూరు పెంకులు వరసగా పొదిగినట్టు కనిపిస్తాయి. ఫిల్లర్ స్లాబ్ అంటారట.

మే నెల మిట్టమధ్యాహ్నం వెళ్ళి చూశాం. కరెంటు లేదు, ఫ్యాన్ తిరగడం లేదు, అయినా హాల్లో గంటసేపు హాయిగా కూర్చున్నాం. మా ఆవిడ అప్పుడే వంటింట్లో ఏది ఎక్కడ సర్దాలో చెప్పేస్తోంది. మా నాన్నగారు మాత్రం వరండా దాటి లోపలికి రాలేదు. మాది నేతపని చేసిన కుటుంబం. ఆయన పుట్టింది మట్టి గోడల ఇంట్లో, మగ్గం గుంట పక్కనే. 1999 అక్టోబరులో, పారదీప్ మహా తుపానుకు కొద్ది రోజుల ముందు, గోపాల్‌పూర్ దగ్గర ఒక తుపాను తీరం దాటింది, గుర్తుందా? ఆ రాత్రి మా వెనక గోడ మగ్గం మీద కూలిపోయింది. తిరిగి వస్తూ ఆటోలో ఒకటే మాట అన్నారు: "మట్టింటి నుంచి బయటపడటానికి నేను నలభై ఏళ్ళు కష్టపడ్డాను రా. నువ్వు అప్పు చేసి మరీ మట్టిల్లు కొంటానంటున్నావా?"

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. ఇలాంటి ఇళ్ళ సంగతి తెలిసినవాళ్ళు చెప్పండి. కొనవచ్చా?


రాయగడ సివిల్ | జూన్ 9

వద్దు బ్రదర్. సైట్ ఇంజినీరుగా పద్నాలుగేళ్ళ అనుభవంతో చెబుతున్నాను. ఇల్లు రేపే కూలిపోతుందని కాదు. నీకు కావలసింది ఇల్లా, ప్రయోగమా? రేపు తమ్ముడి కోసం పైన ఇంకో అంతస్తు వేయాలంటే పిల్లర్లు లేవు. హాలు పెద్దది చేద్దామని మధ్య గోడ తీయలేవు, ఆ గోడే స్లాబును మోస్తోంది. కిటికీ వెడల్పు చేయాలన్నా భయమే. పదేళ్ళ తర్వాత అమ్ముదామంటే, ఇవాళ నువ్వు అడుగుతున్న ప్రశ్నే అప్పుడు కొనేవాడూ అడుగుతాడు. 12 లక్షలు మిగిలాయని అనుకుంటున్నావు, అమ్మేటప్పుడు అవే 12 లక్షలు నువ్వు తగ్గించుకోవాలి.

ఇంకోటి, అది సముద్రపు గాలి తగిలే చోటు. ఆ గాలిలోని ఉప్పు కాంక్రీటులోకి దిగి చువ్వలను తినేస్తుంది. ఫిల్లర్ స్లాబులో చువ్వలు పెంకుల మధ్య సన్నని పట్టీల్లో ఉంటాయి, అక్కడ కవరింగ్ (చువ్వను కప్పే కాంక్రీటు మందం) సరిగ్గా ఇవ్వకపోతే పెచ్చులు ఊడతాయి. 2010 స్లాబంటే వయసు కూడా తక్కువేం కాదు.


పర్లాకిమిడి తాపీ | జూన్ 10

నేను మేస్త్రి కొడుకును, నేనూ మేస్త్రినే. ముందు మీ నాన్నగారి మాటకు జవాబు చెప్పాలని ఉంది, ఎందుకంటే ఆయన భయం ఊరికే వచ్చింది కాదు.

1999లో మీ వెనక గోడ ఎందుకు పడిందో నేను చూడకుండానే చెప్పగలను. మన పాత వీధి ఇళ్ళలో గోడ నేల మీద నుంచే లేస్తుంది, కింద రాతి కట్టడం ఉండదు, ఉన్నా బెత్తెడు. చూరు నీళ్ళు నేలకు కొట్టి గోడ పాదం మీదే చిందుతాయి. ప్రతి వానకూ అక్కడ కొంచెం కొంచెం కరుగుతుంది, ఎండాకాలంలో అమ్మ పేడ, మట్టి కలిపి మెత్తుతుంది. అలా ఎన్నేళ్ళో. ఒక రాత్రి గాలి, వాన కలిసి వచ్చేసరికి కింద నానిపోయిన గోడ పైబరువు మోయలేక కూర్చుండిపోతుంది. తుపాను ఆ రాత్రి వచ్చినా, గోడ పాదం అంతకు ఎన్నో ఏళ్ళ ముందే పోయింది.

ఇప్పుడు మీరు చూసిన ఇల్లు. వీటిని మేము ప్రెస్ ఇటుకలంటాం. మట్టిలో 5 నుంచి 10 శాతం సిమెంటు కలిపి, నొక్కి, నీళ్ళు చల్లుతూ నాలుగు వారాలు తడి ఆరకుండా ఉంచుతారు. ఆ సిమెంటు వల్ల వానకు కరగవు. ఐఎస్ 1725 అని వీటికి ప్రభుత్వ ప్రమాణమే ఉంది. పుదుచ్చేరి పక్కన ఆరోవిల్‌లో ఇలాంటి ఇటుకలతో అంతస్తుల మీద అంతస్తులు కట్టారు. కానీ ఇదంతా ఇటుక సరిగ్గా చేసినప్పటి మాట. బంకమట్టి ఎక్కువైతే ఆరేటప్పుడు పగుళ్ళు వస్తాయి, ఇసుక ఎక్కువైతే అంచులు రాలతాయి, సిమెంటు దగ్గర పొదుపు చేస్తే అది పచ్చి ఇటుక కిందే లెక్క. చేత్తో నొక్కిన మిషనంటున్నారు కాబట్టి ఒక్కో ఇటుక ఒక్కోలా ఉండే అవకాశం ఉంది.

మీరు చూడవలసినవి మూడు చోట్లు. గోడ పాదం. చూరు, సన్‌షేడ్ గోడ దాటి ఎంత బయటికి వచ్చాయో. బాత్రూమ్ గోడ. నేలకూ మొదటి మట్టి ఇటుకకూ మధ్య బేస్‌మెంట్ ఎత్తు ఎంత, దేనితో కట్టారు? మన వైపు ఎర్రరాయి బాగా దొరుకుతుంది కదా, దానితో కట్టి ఉంటే మంచిదే. కొలిచి చెప్పండి.


అంబపువా అక్క | జూన్ 10

తమ్ముడూ, నేను ఇలాంటి ఇంట్లోనే తొమ్మిదేళ్ళుగా ఉంటున్నాను, సరిగ్గా ఇలాంటిది కాదు గానీ. మాది కాల్చిన ఇటుకే, కానీ ర్యాట్ ట్రాప్ అని ఇటుకను నిలబెట్టి, గోడ మధ్యలో ఖాళీ వదిలి కట్టారు. నాలుగో వంతు ఇటుక ఆదా అని చెప్పి మా మామగారు కేరళలో చూసి వచ్చి కట్టించారు. అక్కడ ఆర్కిటెక్ట్ లారీ బేకర్ గారు పేదవాళ్ళ ఇళ్ళ కోసం దీన్ని బాగా వాడుకలోకి తెచ్చారు. నువ్వు చెప్పిన పెంకుల స్లాబు కూడా ఆయన అలవాటు చేసిందే.

మంచి ముందు చెబుతాను. పగటి వేడి గోడ దాటి లోపలికి రావడానికి చాలా సేపు పడుతుంది, ఏసీ పిల్లల గదిలో ఒక్కటే ఉంది, అదీ మే నెలలోనే. ఇక ఇబ్బందులు. గోడకు మేకు కొట్టాలంటే ఎక్కడ ఖాళీ ఉందో, ఎక్కడ ఇటుక ఉందో తట్టి చూసుకోవాలి. టీవీ స్టాండు ఒకసారి ఊడి పడింది. గోడలో నుంచి వైరు లాగాలంటే ఎలక్ట్రీషియన్ దండం పెట్టి వెళ్ళిపోతాడు, అందుకే మావి బయటి నుంచి పైపుల్లోనే. మొదటి వర్షాకాలం పడమటి గోడ నుంచి చెమ్మ వచ్చింది, ఇటుకల మధ్య మాలు ఒకచోట వదులై నీళ్ళు లోపలికి దిగాయి. మళ్ళీ పాయింటింగ్ (ఇటుకల మధ్య సందులు మాలుతో పూడ్చడం) చేయించాక పోయింది. అయితే ఆ పాయింటింగ్ చేసే మనిషిని వెతకడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. ఇల్లు కొనేముందు ఆ మనిషిని వెతుక్కో. పాత యజమాని దగ్గర పనిచేసిన మేస్త్రి ఇంకా ఉన్నాడా, ఎక్కడున్నాడు, అడుగు.

మీ నాన్నగారిని బలవంతం చేయకు. ఇష్టం లేని ఇంట్లో పెద్దవాళ్ళు ఒక మూల కూర్చుండిపోతారు, మా అత్తగారిని చూశాను.


ఉద్దానం కొబ్బరి | జూన్ 11

మాది కవిటి వైపు. తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున మా నెత్తి మీదే తీరం దాటింది, పలాస దగ్గర. ఆ రోజు ఏ ఇల్లు నిలిచింది, ఏది పోయింది అన్నది కళ్ళారా చూసినవాణ్ణి. రేకుల కప్పులు కాగితాల్లా లేచిపోయాయి, పక్కా గోడలున్నా సరే. స్లాబున్న ఇళ్ళు నిలిచాయి, గోడ ఏదైనా సరే. మా తాతల నాటి చుట్టిళ్ళు కొన్ని కూడా నిలిచాయి, గోడలు మట్టివే. గుండ్రంగా ఉండి, చూరు నేలకు వంగి ఉంటుంది కాబట్టి గాలికి పట్టు దొరకదు. కాబట్టి మట్టి అన్న మాటకే భయపడకండి. గాలికి ముందు కప్పే పోతుంది, తర్వాతే గోడ.

మీ ఇల్లు 2010లో కట్టారన్నారు, అంటే ఫైలిన్ తుపాను చూసిన ఇల్లు. 2013 అక్టోబరు 12 రాత్రి గోపాల్‌పూర్ దగ్గరే కదా తీరం దాటింది, గంటకు 200 కిలోమీటర్లు దాటిన గాలి. ఆ రాత్రి ఆ ఇంటికి ఏమైందో ఇరుగుపొరుగును అడగండి. యజమానిని కాదు, పక్కింటివాళ్ళను.


బ్యాంకు మాజీ | జూన్ 11

నేను ఛత్రపురంలో రిటైరయ్యాను, ముప్పై ఏళ్ళు అప్పుల ఫైళ్ళే చూశాను. ఇల్లు మట్టిదా, ఇనుముదా అన్నది ఇంజినీర్లు చూసుకుంటారు. నేను డబ్బు సంగతి చెబుతాను.

30 లక్షల నుంచి 75 లక్షల మధ్య ఇంటి అప్పుకు రిజర్వ్ బ్యాంకు పరిమితి విలువలో 80 శాతం. ఆ విలువ మీరు ఇచ్చే ధర కాకపోవచ్చు. బ్యాంకు వాల్యుయర్ వచ్చి చూసి రాసింది, మీ ఒప్పందంలోది, రెండింటిలో తక్కువదే లెక్క. 46కి 46 రాస్తే మీకు 36 లక్షల 80 వేల వరకు రావచ్చు. ఆయన గోడ చూసి మొహం చిట్లించి 40 రాశాడనుకోండి, 32 లక్షలే. ఆ తేడా మీ చేతిలో నుంచి పెట్టుకోవాలి. రిజిస్ట్రేషన్ ఖర్చులు వేరు: మగవాళ్ళ పేరున స్టాంపు డ్యూటీ 5 శాతం, ఆడవాళ్ళ పేరున 4, ఆ పైన రిజిస్ట్రేషన్ ఫీజు 2. మీ ఆవిడ పేరున రాయించుకుంటే ఒక్క సంతకంతో 46 వేలు మిగులుతాయి.

ఇలాంటి ఇంటికి వాల్యుయర్ ఒకటి చూస్తాడు: ఇల్లు ఇంకా ఎన్నేళ్ళు నిలుస్తుంది అని. అప్పు కాలం దాన్ని బట్టే. కాబట్టి అడ్వాన్సు ఇవ్వకముందే స్ట్రక్చరల్ ఇంజినీరుతో రిపోర్టు రాయించి బ్యాంకులో అడగండి. ఒక బ్యాంకు కాదంటే ఇంకో దానికి వెళ్ళండి, శాఖకూ శాఖకూ కూడా తేడా ఉంటుంది. ఇంటి బీమా ఫారంలో గోడలు, కప్పు దేనితో కట్టారని అడిగితే ఉన్నది ఉన్నట్టు రాయండి, లేకపోతే తుపానుకు క్లెయిమ్ పెట్టినప్పుడు అదే మెడకు చుట్టుకుంటుంది.

అన్నిటికంటే ముందు పట్టా తెచ్చి దాని కిసం, అంటే భూమి ఏ రకమో చూడండి. మొత్తం ఏడు డెసిమల్ ఘరబారీ (ఇంటి స్థలం) అని ఉందా? ఒడియా చదవడం రాకపోతే వచ్చినవాళ్ళతో అక్షరం అక్షరం చదివించుకోండి.


గుణుపూర్ టీచర్ | జూన్ 12

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మాకు స్థలం ఉంది. నలభై ఐదు రోజుల్లో ఇల్లు కట్టి ఇస్తామని ఒక కంపెనీ మనిషి వచ్చాడు, సన్నని ఇనుప ఫ్రేము, మధ్యలో థర్మాకోల్ లాంటిది, బయట సిమెంటు బోర్డు. ఇలాంటివి నమ్మవచ్చా? ఇంకొకాయన జిప్సం ప్యానెళ్ళు అంటున్నారు.


రాయగడ సివిల్ | జూన్ 12

టీచర్ గారూ, ఆ పద్ధతులు మంచివే. 2021 జనవరి 1న కేంద్రం ఆరు నగరాల్లో లైట్ హౌస్ ప్రాజెక్టులకు (కొత్త పద్ధతుల్లో ఇళ్ళు కట్టి చూపించేవి) శంకుస్థాపన చేసింది, ఒక్కో చోట వెయ్యి ఇళ్ళ లెక్కన. చెన్నైలో ముందే పోసి తెచ్చిన కాంక్రీటు, ఇండోర్‌లో శాండ్‌విచ్ ప్యానెళ్ళు, అగర్తలలో ఇనుప ఫ్రేము, అలా ఒక్కో చోట ఒక్కో పద్ధతి. జిప్సం ప్యానెల్ అంటే జీఎఫ్ఆర్‌జీ (గ్లాసు పీచు కలిపిన జిప్సం) అయి ఉంటుంది. ఎరువుల ఫ్యాక్టరీల దగ్గర పేరుకునే జిప్సంతో చేస్తారు, 12 మీటర్ల పొడవు, 3 మీటర్ల ఎత్తు, లోపల ఖాళీల్లో చువ్వలు పెట్టి కాంక్రీటు పోస్తారు. ఐఐటీ మద్రాసు దీని మీద చాలా పనిచేసింది.

అయితే వాళ్ళు కట్టేది వందల ఇళ్ళు, క్రేను ఉంటుంది, తర్ఫీదు పొందిన మనుషులు ఉంటారు. గుణుపూర్‌లో ఒక్క ఇంటికి ఎవరొస్తారు? ఆ కంపెనీని మూడు అడగండి. బీఎంటీపీసీ (నిర్మాణ సామగ్రి, పద్ధతులు చూసే కేంద్ర సంస్థ) వాళ్ళ పనితీరు సర్టిఫికెట్ ఉందా? ఫ్రేమును పునాదికి ఏ బోల్టులతో, ఎన్ని చోట్ల బిగిస్తారు? ఐదేళ్ళ క్రితం మీరు కట్టిన ఇల్లు ఒకటి మన తీర జిల్లాల్లో చూపిస్తారా? మూడోదానికి జవాబు లేకపోతే డబ్బులు ఇవ్వకండి.


జయపురం వాణి | జూన్ 12

టీచర్ గారి దారిలోనే ఒక మాట. రాయగడ, కొరాపుట్ జిల్లాలు మొత్తం షెడ్యూల్డ్ ఏరియా. గిరిజనుల భూమి గిరిజనేతరులు కొనడానికి లేదు, 1956 నాటి రెండో రెగ్యులేషన్ అది. తక్కువ ధరకు కొత్త రకం ఇల్లు అని ఎవరైనా చూపిస్తే ముందు భూమి ఎవరి పేరున ఉందో చూడండి. మా బంధువులు అలా పెట్టిన డబ్బు ఇప్పటికీ తిరిగి రాలేదు.

అసలు పోస్టు పెట్టినాయనకు: రాయగడ సివిల్ అన్న చెప్పిన ఉప్పు గాలి మాట నిజమే, కానీ ఆ గాలి పక్కనున్న 58 లక్షల ఇంటికీ తగులుతుంది కదా. దానికి పిల్లర్లలో కూడా చువ్వలే, స్లాబులోనూ చువ్వలే. ఇరవై ఏళ్ళ క్రితం బూడిద ఇటుక అంటే కూడా మా నాన్న ముఖం తిప్పుకున్నారు. ఇప్పుడు మా వీధిలో అన్నీ అవే.


గేట్‌బజార్ అబ్బాయి | జూన్ 21

ఆలస్యానికి క్షమించండి, అందరూ చెప్పినవి ఒక్కొక్కటిగా చేశాను.

బేస్‌మెంట్ ఎర్రరాతితో కట్టారు, నేల నుంచి రెండున్నర అడుగులు, టేపు పెట్టి కొలిచాను. దాని పైన ఒక కాంక్రీటు పట్టీ ఇంటి చుట్టూ ఉంది, కిటికీల పైన లింటెల్ పట్టీ కూడా ఇంటి చుట్టూ తిరిగింది. సన్‌షేడ్ రెండడుగులు. పడమటి వైపు తప్ప మిగతా మూడు వైపులా గోడ పాదం గట్టిగా ఉంది, తాళం చెవితో గీస్తే గీత పడింది గానీ పొడి రాలలేదు.

పక్కింటి పెద్దావిడను అడిగాను, ఒడియా ఆవిడ, తెలుగు బాగా మాట్లాడతారు. ఫైలిన్ రాత్రి వాళ్ళ ఇంటి రేకుల షెడ్డు ఎగిరి ఈ ఇంటి గోడకే కొట్టుకుందట. కిటికీ అద్దాలు పగిలాయి, కొబ్బరి చెట్లు నాలుగుంటే రెండు పడ్డాయి. గోడ మీద రేకు తగిలిన గాటు ఇప్పటికీ ఉంది, చూపించారు, రెండు వేళ్ళ మందం లోతు, అంతే. ఆ రాత్రి వాళ్ళు పిల్లలను తీసుకుని ఈ ఇంట్లోకే వచ్చి కూర్చున్నారట.

ఇంకో విషయం. మెట్ల కింద అప్పటి ఇటుకలు ఇరవై దాకా మిగిలి ఉన్నాయి. ఒకటి అడిగి తెచ్చుకున్నాను. ఏం చేయాలి దీన్ని?

స్లాబు కింద మధ్య గదిలో తూర్పు మూల ఒక తుప్పు చార ఉంది, జానెడు. ఫోటో పెట్టాను.


పర్లాకిమిడి తాపీ | జూన్ 21

ఇటుక దొరికిందా, అయితే సగం పని అయినట్టే! తూకం వేయండి. బకెట్ నీళ్ళలో పూర్తిగా మునిగేలా 24 గంటలు ఉంచండి. తీసి తుడిచి మళ్ళీ తూచండి. అంచులు గోరుతో గిల్లి చూడండి, బకెట్ అడుగున ఎంత మట్టి దిగిందో చూడండి.

తుప్పు చార దగ్గర చిన్న సుత్తితో తట్టండి. చుట్టూ ఠంగ్‌మని మోగి అక్కడ మాత్రం డొల్లగా వినిపిస్తే లోపల చువ్వ ఉబ్బి కాంక్రీటును తోస్తోందని అర్థం. ఆ ఒక్క మూలే అయితే బాగు చేయవచ్చు. గదంతా అలాగే ఉంటే వదిలేయండి. స్లాబు పైకెక్కి ఆ మూల సరిగ్గా పైన ఏముందో చూడండి, నీళ్ళ ట్యాంకు గానీ ఉందా?


గేట్‌బజార్ అబ్బాయి | జూన్ 24

ట్యాంకే ఉంది! దాని ఓవర్‌ఫ్లో పైపు విరిగి నీళ్ళు ఆ మూలే పడుతున్నాయి. తడితే రెండు చేతుల మేర డొల్ల, మిగతా ఇల్లంతా గట్టిగానే ఉంది. స్ట్రక్చరల్ ఇంజినీరును కూడా తీసుకెళ్ళాను. ఆ పట్టీలో చువ్వ శుభ్రం చేసి మళ్ళీ పూయాలన్నారు, మిగతాది బాగుందని రాసిచ్చారు. పైన అంతస్తు గురించి అడిగితే, పునాది ఒక చోట తవ్వి చూడకుండా మాట ఇవ్వనన్నారు.

ఇటుక: కిరాణా కొట్టు కాటా మీద ముందు 8.9 కిలోలు, నానాక 9.9. బకెట్ అడుగున చెంచాడు ఇసుక. అంచులు రాలలేదు. నానిన ఇటుకను మా అబ్బాయి చెయ్యి జారి గచ్చు మీద పడేశాడు, మూల కొంచెం పోయింది, ఇటుక మాత్రం విరగలేదు.

పట్టా చూపించాను. బ్యాంకు మాజీ గారూ, మీరు చెప్పకపోయి ఉంటే మునిగేవాణ్ణి. ఐదు డెసిమల్ ఘరబారీ, రెండు డెసిమల్ ఇంకా శారద అని ఉంది, అంటే కాగితాల్లో వరి పొలమే. బావి, బాత్రూమ్ ఆ రెండింటిలోనే ఉన్నాయి.


పర్లాకిమిడి తాపీ | జూన్ 24

8.9కి కిలో అంటే ఇటుక తాగిన నీళ్ళు 11 శాతం పైచిలుకు. 15 లోపు ఉంటే నాకు సంతోషమే. మంచి ఇటుక.


బ్యాంకు మాజీ | జూన్ 25

ఇది పెద్ద విషయం, కానీ తీరని విషయం కాదు. ఒడిశా భూసంస్కరణల చట్టంలో 8-ఏ సెక్షన్ కింద తహసీల్దారుకు దరఖాస్తు పెట్టి, ఫీజు కట్టి ఘరబారీగా మార్పించుకోవాలి. అది అమ్మేవాళ్ళు చేయాలి, మీరు కాదు. మార్చి, కొత్త పట్టా చేతికి వచ్చాకే మిగతా డబ్బు అని ఒప్పందంలో రాయించండి. "రిజిస్ట్రేషన్ అయ్యాక చూసుకుందాం" అంటే మర్యాదగా లేచి వచ్చేయండి. ప్లాను ఆమోదం కాగితం కూడా అడగండి, ఆమోదించిన ప్లానులో బాత్రూమ్ ఎక్కడుందో పోల్చి చూడండి.


రాయగడ సివిల్ | జూన్ 25

ఇటుక ఫలితం చూశాక గోడల గురించి నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను. పై అంతస్తు మాట మాత్రం అలాగే ఉంది. తమ్ముడి కోసం పైన కట్టాలన్న ఆలోచన ఉంటే ఇంట్లో ఇప్పుడే తేల్చుకో. కొన్నాక ఆ మాట వస్తే అన్నదమ్ముల మధ్య పడుతుంది.


అంబపువా అక్క | జూన్ 26

తమ్ముడూ, వాన పడుతున్నప్పుడు ఒకసారి వెళ్ళు. ఎండలో ఏ ఇల్లయినా బాగానే ఉంటుంది. కుదిరితే నాన్నగారిని తీసుకెళ్ళు, కొనడానికి కాదు, చూసి తప్పులు చెప్పమని అడుగు.


గేట్‌బజార్ అబ్బాయి | జూలై 6

రెండు రోజులుగా వదలకుండా వాన. అక్క చెప్పినట్టే నిన్న నాన్నగారిని తీసుకెళ్ళాను. "మీకు తెలిసినంత మాకు తెలియదు, ఎక్కడ లోపం ఉందో మీరే చూడండి" అన్నాను.

ఆయన గొడుగు వేసుకుని ఇంటి చుట్టూ తిరిగారు. లోపలికి రాలేదు, బయటే. ప్రతి మూల దగ్గర వంగి, అరచేయి గోడకు ఆనించి కాసేపు అలాగే ఉండేవారు, మగ్గం మీద పడుగు బిగువు చూసేటప్పుడు ఉన్నట్టు. పడమటి వైపు బాత్రూమ్ గోడ దగ్గరకు వచ్చి ఆగారు. అక్కడ మాత్రం కింది నుంచి మూడడుగుల వరకు సిమెంటు ప్లాస్టరింగ్ చేసి, రంగు వేసి ఉంది. నేను మొదటిసారి చూసినప్పుడు ఈ ఒక్క చోటే నీటుగా ఉందనుకున్నాను. నాన్నగారు వేలితో తట్టారు. ప్లాస్టరింగ్ పైఅంచు దగ్గర తెల్లగా ఉప్పు పొంగి ఉంది, చిటికెన వేలితో గీరితే ఎర్రటి పొడి రాలింది. "ఇక్కడ గోడ నీళ్ళు తాగుతోంది. బయటికి పోనివ్వకుండా పైన మూత పెట్టారు. మన మగ్గం గోడకూ ఇలాగే మీ పెదనాన్న సిమెంటు పూయించాడు" అన్నారు. ఆ సంగతి నాకు ఇన్నేళ్ళూ తెలియదు.

పాత యజమాని కొడుకు కూడా అక్కడే ఉన్నారు. పైపు కారుతున్న మాట నిజమేనని, మూడేళ్ళ క్రితం అలా కప్పించామని ఒప్పుకున్నారు. దాచి అమ్మాలని కాదు, ఏం చేయాలో తెలియక అన్నారు. మనిషి మంచివాడే అనిపించింది.

తర్వాత నాన్నగారు చెప్పులు విడిచి లోపలికి వచ్చారు. హాల్లో కూర్చుని పైన పెంకులు చూస్తూ టీ తాగారు. బయట అంత వాన పడుతున్నా గది గోడ పొడిగా ఉంది, ఆ గోడను ఒకసారి తడిమి చూశారు. ఏమీ అనలేదు. ఆటో ఎక్కేటప్పుడు మాత్రం "ముందు ఆ సిమెంటు ఊడగొట్టించు, గోడను ఆరనీ" అన్నారు.

తమ్ముడితో కూడా మాట్లాడాను. వాడు పై అంతస్తు వద్దన్నాడు, విశాఖలోనే ఉండిపోతానన్నాడు. బేరం 44న్నరకు వచ్చింది, బాత్రూమ్, ట్యాంకు మూల ఖర్చు తగ్గించుకుని. లక్ష అడ్వాన్సు, రెండు డెసిమల్ మార్పు వాళ్ళే చేయించి కొత్త పట్టా ఇచ్చాక మిగతాది, ఆరు నెలల్లో కాకపోతే అడ్వాన్సు వాపసు. ఒప్పందంలో ఇవన్నీ రాయించాను. ఒక బ్యాంకు గోడ చూసి వద్దంది, రెండోది ఇంజినీరు రిపోర్టు చూసి ముందుకు వెళ్దామంది.

పర్లాకిమిడి తాపీ గారూ, ఆ పడమటి గోడ పని మీరు చేస్తారా? బరంపురంలో సున్నంతో పూసేవాళ్ళు నాకు దొరకలేదు.


పర్లాకిమిడి తాపీ | జూలై 7

వస్తాను. ముందు పైపు మార్పించండి, గోడ జోలికి ఇప్పుడే వెళ్ళకండి. వానలు తగ్గాక, దసరా దాటాక సిమెంటు తీసేద్దాం. నెల రోజులు గోడను గాలికి వదిలేసి, పాడైన ఇటుకలు ఎన్ని వరసలో చూసి, మెట్ల కింద ఉన్నవాటితోనే మార్చి, అప్పుడు సున్నం పూద్దాం. ఆ ఇరవై ఇటుకలను ఎవరికీ ఇవ్వవద్దని వాళ్ళకు చెప్పండి, అలాంటివి మళ్ళీ దొరకవు. బకెట్‌లో నానబెట్టినది కూడా పారేయకండి.

వచ్చే ఆదివారం ఒకసారి చూడటానికి వస్తాను, పర్లాకిమిడి నుంచి పొద్దున బస్సుకు బయలుదేరతాను. ఆ వేళకు నాన్నగారిని అక్కడ ఉండమనండి. గోడ ఎక్కడి నుంచి ఎక్కడి దాకా తడిసిందో ఆయనతోనే సుద్దముక్కతో గీత గీయిస్తాను.